పై వరుసలో దేశం, తాళంలో మా ఫైళ్ళు

ఉద్యోగంలో చేరి పట్టుమని పది రోజులు కాకుండానే "సైబర్ భద్రతకి నోడల్ అధికారి" అనే ఉత్తర్వు అందుకున్న పిల్లలు మన ఆఫీసుల్లో ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. పాఠం చెప్పడానికి కాదు. జరిగినదాన్లో సగం నాకే ఇప్పటికీ అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని అర్థమైనట్టు రాసి సంతకం పెట్టడం ఒకసారి చేశాను. ఇక చేయను.

నేను నర్సీపట్నంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో టైపిస్టుగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఏ కార్యాలయమో చెప్పను. కొండ ఊళ్ళవాళ్ళు తాము దున్నుకుంటున్న పోడు భూమికి హక్కు పత్రం కోసం పెట్టుకున్న అర్జీల విచారణ మా దగ్గర జరిగేదంటే చాలు. టైపు మెషిన్లు పోయి కంప్యూటర్లు వచ్చిన రోజున, మీటల మీద వేళ్ళు ఆడేది నాకొక్కదానికే కాబట్టి ఆ గది నాదైపోయింది. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుందనగా నన్ను నోడల్ అధికారిని చేశారు.

మా అటెండరు గొలుగొండ నుంచి రోజూ బస్సులో వచ్చే పెద్దాయన. ఆ ఉత్తర్వు నా బల్ల మీద పెడుతూ, "నోడలంటే ఏటండీ మేడమ్‌గారూ?" అని అడిగాడు.

"నాకూ తెలీదు" అన్నాను.

లోపలి గదిలోంచి మా అధికారి విని నవ్వారు. ఆయన నాకంటే పాతికేళ్ళు చిన్న. "ఏదైనా జరిగితే ముందు ఎవరిని అడుగుతారో వాళ్ళని నోడల్ అంటారు మేడమ్" అన్నారు. సరదాకే అన్నారు. నేనూ నవ్వాను.

ఆ నెలలోనే పైనుంచి ఒక ఫారం వచ్చింది. నలభై పైన ప్రశ్నలు. మీ కార్యాలయంలో సమాచారానికి ప్రతి వారం నకలు తీస్తున్నారా? ఆ నకలు వేరేచోట భద్రపరుస్తున్నారా? సైబర్ దాడి జరిగితే ఎవరేం చేయాలో రాసిపెట్టుకున్నారా? సిబ్బందికి తెలియజేశారా? ప్రతి దానికీ పక్కన రెండు గళ్ళు: అవును, కాదు. "అవును" దగ్గర ఒక టిక్కు పెడితే పనైపోతుంది. "కాదు" అంటే మాత్రం కారణం రాయాలి, ఏ తేదీకల్లా సరిచేస్తారో రాయాలి, ఆ ముక్క కింద అధికారి చేత విడిగా సంతకం పెట్టించాలి. ఫారం చేసినవాళ్ళు ఏ ఉద్దేశంతో చేశారో గాని, అది మనిషిని చెయ్యిపట్టుకుని "అవును" వైపు నడిపించేది.

మొదటి నాలుగైదు ప్రశ్నలకి నిజంగానే ఆలోచించాను. నకలు తీస్తున్నామా? తీస్తున్నాం. ఒక విడి హార్డ్ డిస్కు ఉంది, రోజూ దానంతటదే కాపీ అయిపోతుంది. వేరేచోట ఉందా? కంప్యూటర్ లోపల లేదు, పక్కన ఉంది. పక్కన ఉండటం వేరేచోటే కదా అనుకున్నాను. ఆ డిస్కు వైరు ఏడాది పొడుగునా కంప్యూటర్‌కి తగిలించే ఉంటుందన్న సంగతి నాకు తట్టలేదు. తట్టినా ఏమయ్యేదో చెప్పలేను. సాయంత్రానికి అన్నీ "అవును" చేసి పంపేశాను.

కొన్నాళ్ళకి జిల్లా నుంచి ఒక నిపుణుడు శిక్షణకి వచ్చాడు. చుట్టుపక్కల మండలాల ఆఫీసుల నుంచి నాలాంటి నోడళ్ళం ఓ ముప్పైమంది మా ఆఫీసు హాల్లోనే కూర్చున్నాం. రావికమతం నుంచి వచ్చినాయన నా పక్కన కూర్చుని ఏసీ చల్లదనానికి కునుకు తీస్తున్నాడు. తెర మీద ప్రపంచపటం వేశారు. సైబర్ రక్షణలో ఏ దేశం ఎక్కడుందో రంగుల్లో చూపించారు.

"ముదురు రంగు దేశాలు పై వరుస. మనం అందులోనే ఉన్నాం" అన్నాడు నిపుణుడు. అందరం చప్పట్లు కొట్టాం. పక్కాయన లేచి కూర్చుని ఆయనా కొట్టాడు.

నాకు ఎందుకో అనుమానం వచ్చింది. "ఆ రంగు ఎవరు వేస్తారండీ?" అని అడిగాను.

"అంతర్జాతీయంగా ఒక సంస్థ ఉంది మేడమ్. అన్ని దేశాలకీ ప్రశ్నలు పంపుతుంది. చట్టాలున్నాయా, దాడి జరిగితే స్పందించే బృందం ఉందా, శిక్షణ ఇస్తున్నారా, ఇలాంటివి. దేశాలు జవాబులూ ఆధారాలూ పంపుతాయి."

"ఆ జవాబులు కూడా అవును, కాదు అనే ఉంటాయా?"

హాలంతా నవ్వారు. అతను నవ్వలేదు. కుర్రవాడైనా ఓపికమంతుడు. "చాలావరకు అలాంటివే అనుకోండి. కానీ అది దేశం ఎంత సిద్ధంగా ఉందో చెప్పేది మేడమ్. ఒక్కో ఆఫీసు ఎంత భద్రంగా ఉందో చెప్పేది కాదు. పై వరుసలో ఉన్న పెద్ద దేశాల్లోనే ఆసుపత్రుల కంప్యూటర్లకి తాళాలు పడి ఆపరేషన్లు ఆగిపోయాయి."

మరి సిద్ధంగా ఉండటం వేరు, భద్రంగా ఉండటం వేరా? అడగాలనుకుని మానేశాను. నా టిక్కులు ఆ పటంలోకి వెళ్ళాయా, జిల్లా బీరువాలోనే ఉండిపోయాయా? అది కూడా అడగలేదు. అడిగితే నా ఫారం తీసి చూస్తాడేమోనని భయం.

తర్వాత అతను ఎస్టోనియా అనే చిన్న దేశం గురించి చెప్పాడు. ఒకప్పుడు గట్టి దాడి తిన్నదట. ఆ తర్వాత తన ముఖ్యమైన రికార్డుల నకళ్ళు తీసుకెళ్ళి ఇంకో దేశంలో భద్రం చేసుకుందట. టీ కప్పులు అందిస్తున్న మా అటెండరు ఆగిపోయాడు.

"మరా గది తాళం ఎవుల కాడుంటాదండీ? ఈల్ల కాడా, ఆల్ల కాడా?"

"ఆ గదికి మాత్రం వీళ్ళే యజమానులు. పరాయి దేశంలో మన రాయబార కార్యాలయం మనదే కదా, అలాగ" అన్నాడు నిపుణుడు.

"బాగున్నాదండీ. మన కాయితాలకీ అలగే ఎక్కడో ఓ సోట ఉంటాది గావాల" అని అటెండరు నావైపు చూసి ముందుకి వెళ్ళిపోయాడు. నేను టీ తాగాను.

ఒక శనివారం సాయంత్రం, అందరూ బయల్దేరాక నేనొక్కదాన్నీ మెయిల్ చూస్తున్నాను. "సైబర్ భద్రతా ప్రశ్నావళి, సవరించినది. వెంటనే నింపి పంపగలరు" అని ఒకటి వచ్చి ఉంది. పైన ప్రభుత్వ ముద్ర. తెరిచాను. ఏదో అనుమతి అడిగింది, ఇచ్చాను. ఫారం రాలేదు, కంప్యూటర్ మాత్రం నత్తలా నడవడం మొదలుపెట్టింది. సోమవారం చూద్దాంలే అని ఇంటికి వెళ్ళిపోయాను.

సోమవారం ముందుగా వచ్చింది మా డేటా ఎంట్రీ ఆపరేటరు. రోలుగుంట నుంచి స్కూటీ మీద వచ్చే అమ్మాయి, ఇద్దరు పిల్లల తల్లి. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం, అంటే ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు ఊడుతుందో తెలియనిది. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే పరిగెత్తుకొచ్చింది.

"మేడమ్, ఫైల్సు పేర్లన్నీ ఏటో మారిపోనాయండి. ఏది నొక్కినా తెరుసుకోట్లేదు."

తెర మీద ఇంగ్లీషులో ఒక ఉత్తరం. మీ ఫైళ్ళకి తాళం వేశాం, చెవి కావాలంటే ఇంత ఇవ్వండి అని. కొండ ఊళ్ళ అర్జీలు, వాంగ్మూలాలు, సర్వే చిత్తు పటాలు, అన్నీ అందులోనే. అసలు కాగితాలు వెనక గదిలో కట్టలు కట్టి పెడితే, ఒక తుఫానుకి పైకప్పు కారి, తడిసి, మిగిలినవాటిని చెదలు తిన్నాయి. స్కాన్ చేశాం కదా అని ఎవరమూ పెద్దగా బాధపడలేదు. గబగబా విడి డిస్కులో చూశాను. వైరు తగిలించే ఉంది. అందులోనూ అదే తాళం.

ఆ వారం గురువారమే విచారణ. కొండ మీద ఒక ఊరి నుంచి పదిహేడు కుటుంబాలు దిగి వస్తున్నాయి.

మా అధికారి వచ్చి తెర చూశారు. ఆయన చెడ్డవారు కాదు, అలసిపోయిన మనిషి. ఆపరేటరు వైపు తిరిగి, "పెన్‌డ్రైవ్ ఏదైనా పెట్టావా? సినిమాలూ పాటలూ?" అని అడిగారు.

"లేదు సార్. మా పిల్లల మీద ఒట్టు సార్."

"మరి దానంతటదే వచ్చిందా?"

ఆ అమ్మాయి ఏడ్చేసింది. నాకు శనివారం మెయిల్ గుర్తుకొచ్చింది. గుర్తుకు రావడమేమిటి, గుమ్మంలోనే వచ్చింది. కానీ అదే కారణమని నాకు కచ్చితంగా తెలియదు కదా, ముందు తెలుసుకుని చెబుదాం అని నాకు నేనే చెప్పుకున్నాను. మధ్యాహ్నం దాకా ఆ అమ్మాయి బయట బెంచీ మీద టిఫిను డబ్బా విప్పకుండా కూర్చుంది. ఆ మూడు గంటలు నేను నోరు విప్పలేదు. ఈ రాతలో ఇంకేం మరిచిపోయినా అది మాత్రం మరిచిపోవద్దు.

నిపుణుడికి ఫోన్ చేశాను. "కంప్యూటర్ ఆపకండి, ఫార్మాట్ చేయకండి. నెట్ వైరు తీసేసి అలాగే ఉంచండి. రిపోర్ట్ రాయండి" అన్నాడు.

మా అధికారి తలుపు దగ్గరగా వేశారు. "మేడమ్, నా మాట వినండి. రిపోర్ట్ చేస్తే రాష్ట్రం నుంచి వస్తారు, మీ ఫారం తీస్తారు. నకలు వేరేచోట ఉందని మీరు రాశారు, కింద నేను సంతకం పెట్టాను. దేశం పై వరుసలో ఉందని మొన్నే చప్పట్లు కొట్టాం. హార్డ్ డిస్కు పోయిందని రాసి ఫార్మాట్ చేయించేద్దాం. డిస్కులు పోతూనే ఉంటాయి కదా."

"మరి ఆ అమ్మాయి?"

"అమ్మాయికీ మంచిదే. డిస్కు పోతే ఎవరి తప్పూ కాదు."

అది నిజమే. అదే నన్ను ఇప్పటికీ తికమక పెడుతుంది. అబద్ధం రాస్తే ముగ్గురమూ బతికిపోతాం. నిజం రాస్తే ముగ్గురమూ ఇరుక్కుంటాం. ఫార్మాట్ చేస్తే ఫైళ్ళు ఎప్పటికీ రావు, చేయకపోయినా వస్తాయని ఎవరూ చెప్పలేదు. ఇందులో ఏది భద్రత, ఎవరి భద్రత? నేనేదో ధర్మం ఆలోచించి నిర్ణయించానని చెప్పుకోలేను. బయట బెంచీ కిర్రుమన్న చప్పుడు వినిపించింది. ఆ అమ్మాయి లేచి వెళ్ళిపోతోందేమో, ఇక రాదేమో అనిపించి, "ఆ మెయిల్ తెరిచింది నేనండీ" అనేశాను.

ఆయన తలుపు తెరిచారు. "పొద్దున్నే చెప్పాల్సింది మేడమ్" అన్నారు.

బయటికి వచ్చి ఆ అమ్మాయికి చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. ముక్కు తుడుచుకుని, "అయితే నా ఉద్యోగం ఉంటాదా మేడమ్?" అని మాత్రం అడిగింది. ఉంటుందన్నాను. ఆ ధైర్యం ఎక్కడిదో నాకు తెలియదు.

గురువారం పొద్దున్నే కొండవాళ్ళు వచ్చేశారు. చింతపల్లి రోడ్డులో ఎక్కడో జీపెక్కి, తెల్లారకుండా బయల్దేరి. వరండాలో కూర్చున్నారు. మా అధికారి వాళ్ళ ముందు నిలబడి, మీ కాగితాలు కంప్యూటర్లో ఉండిపోయాయి, తెరుచుకోవడం లేదు అని చెప్పారు. దాచలేదు. అంతవరకు ఆయనకి దండం పెట్టాలి.

ఒక ముసలామె లేచింది. "కాయితాలు పోతే పోనీండి బాబూ. మనుసులం ఉన్నాం గదా. మల్లీ అడగండి, మల్లీ సెప్తాం."

అలా మొదలైంది. వరండాలోనే బల్ల వేయించారు. ఒక్కొక్క ఇల్లూ వచ్చి తమ భూమికి నాలుగు వైపులా ఏముందో చెప్పడం, పక్కవాళ్ళు అవునో కాదో చెప్పడం, ఆపరేటరు టైపు చేయడం. ఆ అమ్మాయి వేళ్ళు ఆ రోజు ఆగలేదు. ప్రింటు తీసి వేలిముద్ర వేయిస్తుంటే మా అటెండరు అధికారి చెవి దగ్గరికి వంగి, "ఆల్ల కాయితం ఆల్లకీ ఒకటి ఇచ్చీండి బాబూ. మన కాడ పోయినా ఆల్ల సూరులో ఉంటాది" అన్నాడు. రూల్ ఉందో లేదో ఎవరమూ చూడలేదు. ఇచ్చేశాం. రెండు రోజుల్లో పదహారు ఇళ్ళవి పూర్తయ్యాయి.

పదిహేడోది ఒక విధవరాలిది. భర్త అంతకు ముందు ఏడాది చనిపోయాడు. ఆ భూమికి ఒక వైపు హద్దు గెడ్డ, అంటే కొండవాగు. ఆ గెడ్డ తుఫాను వరదకి దారి మార్చుకుంది. పాత గెడ్డ హద్దా, కొత్త గెడ్డ హద్దా? రెంటికీ మధ్య ముక్క పక్క భూమివాడైన ఆమె మరిదిదా, ఆమెదా? అన్నదమ్ములిద్దరూ ఏదో మాట అనుకున్నారు, ఆ మాట ఆమె భర్త బతికుండగా మా దగ్గర వాంగ్మూలంలో చెప్పాడు. ఆ వాంగ్మూలం తాళం పడిన కంప్యూటర్ పెట్టెలో ఉంది.

"నీకు తెలుసు కదా, నువ్వు చెప్పు" అన్నారు మా అధికారి మరిదితో.

అతను తల గోక్కున్నాడు. "అన్న అప్పుడో మాటన్నాడు, మల్లా ఓ మాటన్నాడు బాబూ. ఆకరికి ఇక్కడ ఏటి రాయించీసినాడో నాకు తెల్దు. నాది అంటే వదినకి కోపం, ఆల్లది అంటే నా పిల్లలకి కోపం."

"నువ్వేమంటావమ్మా?"

"ఆయన సెప్పిందే నా మాట" అంది ఆమె. "అది తీసి సూడండి."

ఆ ఫైలు మీద "పెండింగ్" అని రాశారు.

నా రిపోర్ట్ వెళ్ళింది. ఏ మెయిల్ ఎవరు తెరిచారో, నకలు ఎక్కడ ఉండిందో, ఫారంలో నేను ఏం రాశానో, అన్నీ రాశాను. కొన్నాళ్ళకి ఒకే వారంలో రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి, తప్పుడు సమాచారం ఇచ్చినందుకు సంజాయిషీ కోరుతూ మెమో. రెండోది, దాడిని దాచకుండా తక్షణం నివేదించినందుకు ప్రశంస. రెండింటి కిందా సంతకం ఒకరిదే. ముందు దేనికి జవాబివ్వాలో తెలియక రెండూ ఒకే ఫైల్లో కుట్టి పెట్టాను. మెమో హెచ్చరికతో ముగిసింది. ఆపరేటరు ఉద్యోగం ఉంది, ఇప్పటికీ ఉంది. మా అధికారికి బదిలీ అయింది, దీనివల్లో మామూలుగానో ఆయనకీ తెలియదు.

తాళం పడిన కంప్యూటర్‌ని సీలు వేసి బీరువాలో పెట్టారు. కొన్ని రకాల తాళాలకి ఏళ్ళ తర్వాత ఎక్కడో ఎవరో చెవి కనిపెడతారట, అది దొరికితే ఫైళ్ళు తెరుచుకుంటాయట. పదిహేడో ఇంటివాళ్ళకీ ఆ మాటే చెప్పాం. రిటైరయ్యే ముందు నిపుణుడికి మళ్ళీ ఫోన్ చేశాను.

"మన దగ్గరున్న రకానికి ఇంకా దొరకలేదు మేడమ్."

"వేరే దేశాల్లో?"

"ఎక్కడా లేదు."

"మనకంటే ముందున్నవాళ్ళకి కూడానా?"

"వాళ్ళకీ ఇదే తాళం పడింది మేడమ్. ఈ విషయంలో అందరం ఒక్క వరుసే."

ఓదార్పుగానే అన్నాడు. ఫోన్ పెట్టేశాక అది ఓదార్పో కాదో నాకు తేలలేదు.

రిటైరయిన ఏడాదికి, ఎవరూ పిలవకుండానే, ఆ కొండ ఊరికి వెళ్ళాను. ఆపరేటరు ఆదివారం సెలవు చూసుకుని తోడు వచ్చింది. బస్సు దిగి ఆటో ఎక్కి, ఆటో దిగి నడిచి. విధవరాలు ఇంటి ముందు చింతపండు గింజ తీస్తోంది. నన్ను గుర్తుపట్టి చాప వేసింది. మొదట అడిగిన మాట, "పెట్టి తెరుసుకుందేటమ్మా?"

"లేదమ్మా."

మరిది వచ్చి దూరంగా గొంతుక్కూర్చున్నాడు. పాత గెడ్డకీ కొత్త గెడ్డకీ మధ్య ముక్క చూపించారు. ఆ రెండేళ్ళూ ఎవరూ దున్నలేదట. గడ్డి నడుము దాకా పెరిగింది. రెండిళ్ళ మేకలూ అందులోనే మేస్తున్నాయి. "అన్న మాట తెలిసేదాకా ముట్టుకోకూడదనుకున్నాం" అన్నాడు మరిది. ఆనాడు మేము డిస్కు పోయిందని రాసి ఉంటే, వీళ్ళు ఎదురుచూడటం మానేసి ఆ ముక్కని చెరిసగం చేసుకుని ఈపాటికి చోళ్ళు పండించేవారేమో. నేను నిజం రాసినందుకు బీడు పడింది.

తిరిగి వచ్చేస్తుంటే ఆమె దారి దాకా వచ్చింది. ఆపరేటరు ముందు నడుస్తోంది.

"నేల కోసం కాదమ్మా అడుగుతాను" అంది గొంతు తగ్గించి. "ఆ పెట్టిలో ఆయన మాట ఉన్నాది గదా. ఒక్కపాలి ఇనాలని ఉన్నాది."

అప్పుడు నాకు అర్థమైంది. వాంగ్మూలం అంటే లోపల ఆయన గొంతు ఉందనుకుంటోంది. అందులో ఉన్నది గొంతు కాదు. "పైన పేర్కొన్న అర్జీదారు తెలియజేసినదేమనగా" అని మొదలయ్యే నాలుగు ఆఫీసు వాక్యాలు, కింద వేలిముద్ర. చెప్పాలి. ఈసారైనా ఆలస్యం చేయకుండా చెప్పాలి అనుకున్నాను. నోరు తెరిచాను.

"నువ్వా రోజు అక్కడున్నావు గదమ్మా" అంది ఈలోగా. "ఏటన్నాడు? ఎలగన్నాడు?"

నేను ఆ గదిలోనే ఉన్నాను. ఆ రోజు ఎంతమంది వచ్చారో, ఎవరేం చెప్పారో ఏమీ గుర్తులేదు. గట్టిగా ఆలోచించాను. ఒక ముసలాయన గుర్తొచ్చాడు. వేలిముద్ర వేశాక ఇంకు తుడుచుకోవడానికి గుడ్డ ఇస్తే పుచ్చుకోకుండా, బొటనవేలు జుట్టుకి రాసుకున్నాడు. ఆయనో, ఇంకో ఊరి మనిషో, నేను ఒట్టు పెట్టి చెప్పలేను.

"వేలి ఇంకు జుట్టుకి రాసుకున్నాడమ్మా" అన్నాను. "ఒకాయన అలా చేశాడు. ఆయనో కాదో మరి."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ అక్కడే రాయి మీద కూర్చుండిపోయింది.

"ఆయనేనమ్మా. తెల్లజుట్టు మీద నీలం మరక. ఎన్ని తలంట్లు పోసినా పోలేదు."